‘నార్మల్’ అంటే దేనితో పోలిస్తే? వాన నుంచి రక్తపరీక్ష దాకా ఒకే మాట, వేర్వేరు లెక్కలు

హైదరాబాద్‌లో ఏ హోటల్లో కూర్చున్నా సర్వర్ మొదట అడిగేది ‘వాటర్ బాటిలా, నార్మలా?’ అని. అక్కడ ఆ మాటకు ఎవరూ తికమకపడరు. కానీ అదే రోజు పేపర్లో ‘జిల్లాలో సాధారణ వర్షపాతం నమోదు’ అని వస్తే, పొలం ఎండిపోయిన రైతుకు అది అబద్ధంలా కనిపిస్తుంది. హెల్త్ చెకప్ రిపోర్టులో ఒక అంకె పక్కన ‘హెచ్’ (హై, అంటే ఎక్కువ) అనే అక్షరం ఉంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఎంట్రన్స్ ఫలితాలు వచ్చిన రోజు ‘నార్మలైజేషన్‌లో మార్కులు పోయాయి’ అని పిల్లలు ఏడుస్తారు. వీటిలో ఎక్కడా పెద్దగా ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కో రంగం ఆ మాటకు ఒక్కో లెక్క పెట్టుకుంది, ఆ లెక్క బయటివాళ్లకు తెలియదు. గొడవంతా అక్కడే.

సంక్షిప్తంగా: వాతావరణ శాఖకు నార్మల్ అంటే గతకాలపు సగటు. ల్యాబ్‌కు ఆరోగ్యవంతుల్లో ఎక్కువమంది ఉండే పరిధి. షుగర్, బీపీల్లో అది ప్రమాదాన్ని బట్టి డాక్టర్లు గీసిన గీత. సెలైన్ సీసా మీద అది ఒక పాత పేరు మాత్రమే. ‘బాగుంది’ అనే అర్థం వీటిలో చాలావాటికి లేదు. ‘చాలినంత’ అనే అర్థం అసలే లేదు.

మూలమట్టంతో మొదలైంది

లాటిన్‌లో ‘నార్మా’ అంటే వడ్రంగి చేతిలో ఉండే మూలమట్టం, రెండు చెక్కలు సరిగ్గా 90 డిగ్రీల్లో కలిశాయా లేదా చూసే పనిముట్టు. గణితం ఆ పాత అర్థాన్నే పట్టుకుని ఉంది. ఇంటర్‌లో వక్రానికి స్పర్శరేఖ గీసి, ఆ బిందువు దగ్గరే దానికి లంబంగా ఇంకో గీత గీస్తే తెలుగు మీడియం వాళ్లు అభిలంబరేఖ అంటారు, ఇంగ్లిష్ మీడియం వాళ్లు నార్మల్ అంటారు. అందులో మామూలుగా ఉండటం, ఆరోగ్యంగా ఉండటం అనే ఊసే లేదు.

మిగతా అర్థాలన్నీ తర్వాత వచ్చి చేరినవి. మట్టానికి సరిపోయేది కాస్తా నియమానికి సరిపోయేది అయింది, అక్కడి నుంచి ఎక్కువగా కనిపించేది అయింది. అంటే ‘ఉండాల్సింది’, ‘ఉంటున్నది’ అనే రెండు వేర్వేరు సంగతులు ఒకే మాటలో ఇరుక్కున్నాయి. మన ‘మామూలు’కీ ఇదే జరిగింది, ఎప్పుడూ జరిగేదల్లా ఇచ్చి తీరాల్సిందిగా మారి ఆఫీసుల్లో ‘మామూళ్లు’ అయింది.

వాన లెక్క: సగటు వేరు, అక్కర వేరు

వాతావరణ శాఖ దృష్టిలో నార్మల్‌కు పంటతో సంబంధం లేదు. అది గడిచిన చాలా ఏళ్ల సగటు, అంతే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాల కాలానికి దేశం మొత్తం మీద ఆ సగటు 87 సెంటీమీటర్లు. 1971 నుంచి 2020 దాకా 50 ఏళ్ల వానను కలిపి తీసిన అంకె ఇది. ఏ ఏడాదైనా వాన ఇందులో 96 నుంచి 104 శాతం మధ్య ఉంటే దేశానికి ఆ ఏడాది నార్మల్.

జిల్లా దగ్గరికి వచ్చేసరికి కొలత మారిపోతుంది. అక్కడ మైనస్ 19 శాతం నుంచి ప్లస్ 19 శాతం దాకా అంతా నార్మలే. ఒక జిల్లా సగటు 600 మిల్లీమీటర్లు అనుకుంటే 486 పడినా నార్మల్, 714 పడినా నార్మల్. మధ్యలో 228 మిల్లీమీటర్ల తేడా ఉంది, అంటే కొన్నిచోట్ల రెండు నెలల వాన. ఇలా ఎందుకు పెట్టారంటే దానికి కారణం ఉంది. దేశం మొత్తం తీసుకుంటే ఒకచోటి కొరత ఇంకోచోటి వరదతో కలిసిపోయి సగటు పెద్దగా కదలదు, కాబట్టి 4 శాతం తేడా అంటేనే పెద్ద విషయం. ఒక్క జిల్లాలో ఏటేటా వాన సహజంగానే ఎగిరి పడుతుంటుంది, అక్కడ కూడా 4 శాతమే పెడితే నార్మల్ అనే ఏడాది దాదాపు దొరకదు. లెక్కగా చూస్తే సబబే. కానీ ‘దేశానికి నార్మల్’, ‘జిల్లాకు నార్మల్’ అనే రెండు వార్తలు పక్కపక్కనే వచ్చినప్పుడు చదివేవాడికి ఇవి వేర్వేరు గజాలతో కొలిచినవని చెప్పేవాళ్లు లేరు.

రెండో సంగతి, ఈ లెక్క మొత్తాన్ని చూస్తుంది, ఎప్పుడు పడిందో చూడదు. నెలలో 20 రోజులు చినుకు లేకుండా, ఆఖర్న అల్పపీడనం వచ్చి రెండు రోజుల్లో కుమ్మేసినా నెల ఖాతాలో ‘సాధారణం’ అనే పడుతుంది. వేరుశనగకు ఊడలు (కాయ పట్టడానికి నేలలోకి దిగే కాడలు) దిగే సమయంలో నేల తడిగా ఉండాలి. అప్పుడు లేని వాన, తర్వాత ఎంత పడినా ఆ ఊడలను వెనక్కి తేలేదు. పైగా అనంతపురం లాంటిచోట ఏడాది సగటే 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అక్కడ వాన నార్మల్‌గా పడిందంటే కరువు సీమకు ఎప్పటి కరువే వచ్చిందని కూడా అర్థం కావచ్చు. సగటు తక్కువున్న చోట సగటును అందుకోవడం గొప్ప కాదు. ఈ ఒక్క ముక్క వార్తలో కలిపితే సగం అపార్థాలు పోతాయి.

మూడోది, కొలబద్దే కదులుతుంది. 1951–2000 మధ్య ఏళ్లతో లెక్కేసినప్పుడు దేశపు సగటు వాన 89 సెంటీమీటర్లు. 1961–2010తో చూస్తే 88. ఇప్పుడు 87. అంటే ఒకప్పుడు సగటు కంటే కొంచెం తక్కువ అనిపించుకునే వాన ఇప్పుడు సరిగ్గా సగటు అనిపించుకుంటుంది. ఎండల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ప్రపంచ వాతావరణ సంస్థ 30 ఏళ్ల సగటును పదేళ్లకోసారి మార్చమంటుంది, ఇప్పుడు నడుస్తున్నది 1991–2020. పాత చల్లటి ఏళ్లు లెక్కలోంచి జారిపోయి కొత్త వేడి ఏళ్లు చేరేకొద్దీ సగటు పెరుగుతుంది, ‘సాధారణం కంటే ఇన్ని డిగ్రీలు ఎక్కువ’ అనే అంకె చిన్నదైపోతుంది, ఎండ మాత్రం తగ్గదు.

వడగాలి నిర్వచనం కూడా ఈ నార్మల్ మీదే నిలబడింది. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు దాటి, అక్కడి సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉండాలి, లేదా నేరుగా 45 తాకాలి. తీరంలో 37 దాటి, సాధారణం కంటే 4.5 ఎక్కువ ఉంటే చాలు. కాబట్టి మే నెలలో సాధారణమే 42 ఉండే పల్నాటి ఊళ్లో 44 నమోదైతే అది వడగాలి కాదు. సాధారణం 34 ఉండే సముద్రపు ఒడ్డున 38.5 నమోదైతే వడగాలే. శరీరం అలవాటుపడిన వేడి వేరు, తీరంలో ఉక్కపోత వేరు కాబట్టి ఈ తేడాకు అర్థముంది. అయితే 44 డిగ్రీల్లో ఉపాధి పనికి మట్టి తవ్వేవాళ్లకు ‘వడగాలి లేదు’ అనే ప్రకటన రక్షణ ఇవ్వదు. అలవాటు అనేది ఒక హద్దు దాకానే పనిచేస్తుంది.

ల్యాబ్ రిపోర్టులో ఆ మూడో గడి

రక్తపరీక్ష కాగితంలో మొదటి గడిలో పరీక్ష పేరు, రెండో దాంట్లో వచ్చిన అంకె, ఆ పక్కన ‘రిఫరెన్స్ రేంజ్’ అని రెండు అంకెలు ఉంటాయి. వచ్చిన అంకె ఆ రెండింటి బయట ఉంటే నల్లగా అచ్చేసి ‘హెచ్’ అనో ‘ఎల్’ (లో, అంటే తక్కువ) అనో పెడతారు. జనం దాన్ని జబ్బు గుర్తుగా చదువుతారు. కానీ చాలా పరీక్షలకు ఆ పరిధి తయారయ్యే పద్ధతి ఇది: ఆరోగ్యంగా ఉన్న కొంతమందిని పరీక్షిస్తారు, వచ్చిన అంకెలను వరసలో పెడతారు, కింద 2.5 శాతం, పైన 2.5 శాతం తీసేసి మధ్యలో ఉన్న 95 శాతాన్ని నార్మల్ అంటారు. అంటే పద్ధతి ప్రకారమే, ఏ జబ్బూ లేనివాళ్లలో ప్రతి 20 మందిలో ఒకరు ‘అబ్‌నార్మల్’ అవుతారు.

ఒక్క పరీక్షకైతే పర్లేదు. ప్యాకేజీల్లో ఒకేసారి చాలా పరీక్షలు చేస్తారు కదా. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేశారనుకుంటే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒకదాంట్లో తేడా రావడానికి దాదాపు 64 శాతం అవకాశం ఉంది. నిజానికి పరీక్షల మధ్య కొంత సంబంధం ఉంటుంది కాబట్టి అంకె కొంచెం మారుతుంది, విషయం మారదు. 60, 70 అంశాలు ఉన్న ఫుల్ బాడీ చెకప్‌లో ఒక్క నల్ల అక్షరం కూడా లేకపోతేనే విశేషం అనుకోవాలి. గీతకు కాస్త అవతల ఉన్న ఒక్క అంకెను చూసి నిద్ర మానుకోవాల్సిన పని లేదు, డాక్టర్ దాన్ని మిగతా అంకెలతో, మనిషితో కలిపి చూస్తారు.

ఈ పద్ధతికి ఒక షరతు ఉంది, మొదట పరీక్షించినవాళ్లు నిజంగా ఆరోగ్యవంతులై ఉండాలి. రక్తహీనత చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. వీళ్లందర్నీ కలిపి మధ్య 95 శాతం తీసి నార్మల్ అంటే జబ్బే నార్మల్ అయి కూర్చుంటుంది. అందుకే హిమోగ్లోబిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు వేరుగా పెట్టింది, గర్భం లేని స్త్రీకి 12, గర్భిణికి నెలలను బట్టి 10.5 నుంచి 11, మగవాళ్లకు 13. చుట్టుపక్కల అందరికీ 10 ఉంది కదా అని 10 మంచిది కాదు. ‘మా ఇంట్లో ఆడవాళ్లకు ఎప్పుడూ తక్కువే, మాకది మామూలే’ అనే మాట ఊళ్లలో చాలాచోట్ల వినిపిస్తుంది. ఎక్కువమందికి ఉండటాన్ని, ఉండాల్సిన దాన్ని ఒకటిగా చూడటం వల్ల మనుషులకు నేరుగా నష్టం జరిగే చోటు ఇదే.

షుగర్, బీపీ: సగటు కాదు, గీత

వీటి లెక్క మళ్లీ వేరు. ఇక్కడ ఎంతమందికి ఎంత ఉందో చూడరు, ఎంత దాటితే కళ్లకు, కిడ్నీలకు, గుండెకు దెబ్బ పెరుగుతుందో చూసి గీత గీస్తారు. గీత గీసేది నిపుణుల కమిటీలు కాబట్టి అది అటూ ఇటూ కదులుతుంటుంది కూడా. పరగడుపు షుగర్ 140 ఉంటేనే డయాబెటిస్ అనేవారు, 1997లో అమెరికా డయాబెటిస్ సంఘం దాన్ని 126కి దించింది. 2003లో నార్మల్ పై హద్దును 110 నుంచి 100కి తెచ్చింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 110 దగ్గరే ఉంది. అందుకే ఒకే 105 అంకెను ఒక డాక్టర్ ‘ప్రీ డయాబెటిస్’ అంటారు, ఇంకొకరు ‘పర్లేదు’ అంటారు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, ఇద్దరి చేతిలో ఉన్న పుస్తకాలు వేరు.

2017లో అమెరికా గుండె వైద్య సంఘాలు హైబీపీ గీతను 140/90 నుంచి 130/80కి దించాయి. పడుకునే ముందు ఆరోగ్యంగా ఉన్న కోట్లమంది లేచేసరికి బీపీ పేషెంట్లయ్యారు, ఒంట్లో ఏమీ మారలేదు. మన దగ్గర చాలామంది డాక్టర్లు ఇప్పటికీ 140/90నే హద్దుగా చూస్తారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి చెకప్ చేయించుకున్న తల్లిదండ్రులు ‘అక్కడ బీపీ ఉందన్నారు, ఇక్కడ లేదంటున్నారు’ అని గందరగోళపడటానికి ఇదొక కారణం. బరువు దగ్గర తిరగబడుతుంది: మామూలుగా బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 25 దాకా నార్మల్, మన భారతీయులకు 23 దాటితే చాలు, ఎక్కువ బరువే. తక్కువ బరువులోనే మనకు పొట్ట చుట్టూ కొవ్వు, షుగర్ వస్తున్నాయని గమనించి మనకు గీత కిందికి జరిపారు.

జ్వరం అంకె కథ చిన్నది. 98.6 అనేది 1868లో కార్ల్ వుండర్లిష్ అనే జర్మన్ వైద్యుడు చెప్పిన 37 డిగ్రీల సెల్సియస్‌ను ఫారన్‌హీట్‌లోకి మారిస్తే వచ్చింది. ఆయనది గుండ్రటి అంకె, ఆ ‘.6’ ఖచ్చితత్వం మార్చడంలో పుట్టింది. మనిషి ఒళ్లు పొద్దున చల్లగా, సాయంత్రం కాస్త వేడిగా ఉంటుంది, 99 చూసి పిల్లాడికి మందు పోయక్కర్లేదు.

నార్మల్ డెలివరీ

‘నార్మలా, ఆపరేషనా?’ అనేది బిడ్డ పుట్టగానే బంధువుల మొదటి ప్రశ్న. ఇక్కడ నార్మల్ అంటే కోత లేకుండా సహజంగా అయ్యే కాన్పు. ఎక్కువగా జరిగేది అనే అర్థంలో చూస్తే మాత్రం తెలంగాణలో అది నార్మల్ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశం మొత్తం మీద 21.5 శాతం. జనాభా మొత్తానికి 10–15 శాతం మించక్కర్లేదని 1985లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వేదిక మీద అనుకున్న మాట.

ఇక్కడ ఆ పదం రెండు వైపులా కోస్తుంది. ఒకవైపు, అవసరం లేని ఆపరేషన్లు ఇంత మామూలైపోవడం నిజంగా ఆందోళనకరం, ఖర్చు, ముహూర్తాలు, నొప్పుల భయం, ఆస్పత్రుల సౌకర్యం అన్నీ అందులో ఉన్నాయి. ఇంకోవైపు, అడ్డం తిరిగిన బిడ్డకో, తగ్గిపోయిన గుండె చప్పుడుకో ఆపరేషన్ చేయించుకుని బిడ్డను దక్కించుకున్న తల్లికి ‘నీది నార్మల్ కాదు’ అనే మాట ఏదో లోపంలా వినపడుతుంది. సహజ కాన్పు, ఆపరేషన్ కాన్పు అంటే సరిపోయేదానికి తీర్పు మోసే మాట అక్కర్లేదు.

సెలైన్ సీసా మీద, కెమిస్ట్రీ ల్యాబ్‌లో

ఆస్పత్రిలో చేతికి ఎక్కించే నార్మల్ సెలైన్ 0.9 శాతం ఉప్పునీళ్లు, లీటరుకు 9 గ్రాములు. కెమిస్ట్రీలో వన్ నార్మల్ ద్రావణం అంటే లీటరుకు ఒక గ్రామ్ ఈక్వివలెంట్, ఉప్పుకైతే 58.5 గ్రాములు. ఆరున్నర రెట్లు. టైట్రేషన్ చేసే విద్యార్థి తన అర్థంతో సెలైన్ కలిపితే అది ప్రాణాంతకం. ఇంకా చిత్రం, సెలైన్ రక్తాన్ని పోలి కూడా ఉండదు. రక్తంలో క్లోరైడ్ లీటరుకు 100 మిల్లీమోల్స్ చుట్టూ ఉంటే సెలైన్‌లో 154. 19వ శతాబ్దం చివర్లో హాంబర్గర్ అనే డచ్ శాస్త్రవేత్త ఎర్ర రక్తకణాలతో చేసిన ప్రయోగాల కాలం నాటి పేరు అలా ఉండిపోయింది. ఎక్కువ సీసాలు ఎక్కించాల్సి వచ్చినప్పుడు రింగర్ లాక్టేట్ లాంటి వేరే ద్రవాలు మేలా అని డాక్టర్లు చర్చించుకునేది ఈ క్లోరైడ్ గురించే.

గంట ఆకారపు గీత, ఎంట్రన్స్ మార్కులు

స్టాటిస్టిక్స్‌లో నార్మల్ డిస్ట్రిబ్యూషన్ అంటే మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలా సమంగా దిగే గంట ఆకారపు వక్రం. ఎత్తులు, కొలతల్లో తప్పులు సుమారుగా దానికి సరిపోతాయి. రోజువారీ వాన, భూమి కమతాలు, ఆదాయాలు అస్సలు సరిపోవు. ఈ పేరును బాగా వ్యాప్తిలోకి తెచ్చిన బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సనే 1920లో, దీనివల్ల మిగతా వక్రాలన్నీ ఏదో వికారమైనవని జనం అనుకుంటున్నారని ఒప్పుకున్నాడు.

నార్మలైజేషన్ ఇంకోటి. జేఈఈ మెయిన్ చాలా షిఫ్టుల్లో జరుగుతుంది, ఒక షిఫ్టు పేపర్ కష్టం, ఇంకోటి తేలిక. మార్కులు నేరుగా పోలిస్తే కష్టం పేపర్ పడినవాళ్లు నష్టపోతారు. అందుకే 2019 నుంచి పర్సంటైల్ ఇస్తున్నారు: మీ షిఫ్టులో రాసినవాళ్లలో మీతో సమానంగానో తక్కువగానో తెచ్చుకున్నవాళ్లు ఎంత శాతం అనేదే మీ స్కోరు. 99 పర్సంటైల్ అంటే 99 శాతం మార్కులు కాదు. కష్టం పేపర్‌లో 150కి, తేలిక పేపర్‌లో 180కి ఒకే పర్సంటైల్ రావచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల ఈఏపీసెట్‌లోనూ నార్మలైజేషన్ ఉంది. మొత్తం పద్ధతి ఒక్క నమ్మకం మీద నడుస్తుంది, అన్ని షిఫ్టుల్లోనూ పిల్లల స్థాయి దాదాపు సమానం అని. లక్షలమందిని కలగలిపి షిఫ్టులకు పంచితే అది చాలావరకు నిలుస్తుంది, ఒక షిఫ్టులో రాసేవాళ్లు తక్కువున్నకొద్దీ బలహీనపడుతుంది. పిల్లలు అడగాల్సిన ప్రశ్న ‘నా మార్కులు ఎందుకు కోశారు’ అని కాదు, ‘నా షిఫ్టులో ఎంతమంది రాశారు’ అని.

ఒకరి నార్మల్ ఇంకొకరికి కాదు

ఇన్ని లెక్కల్లోనూ పోలిక ఇతరులతోనో, గతంతోనో, ఒక గీతతోనో జరుగుతుంది. వైద్యంలో ఇంకో పోలిక ఉంది, రిపోర్టులో అచ్చుకానిది: అదే మనిషి పాత అంకె. 50 ఏళ్లు దాటిన ఒకాయనకు నిరుడు హిమోగ్లోబిన్ 15.5 ఉండి, ఈ ఏడాది 13.2కి దిగిందనుకుందాం. పరిధి 13 నుంచి 17. ఏ నల్ల అక్షరమూ పడదు, కౌంటర్ దగ్గర ‘అన్నీ నార్మలే’ అని కవరిచ్చి పంపేస్తారు. ఒక ఏడాదిలో 2 గ్రాములకు పైగా ఎందుకు తగ్గిందో, కడుపులో ఎక్కడైనా రక్తం పోతోందేమో డాక్టర్ చూడాల్సిన అంకె అది. కండ బాగా ఉన్న కుర్రాడికి క్రియాటినిన్ 1.3 అతని తీరు కావచ్చు, ఎప్పుడూ 0.6 ఉండే బక్కపలచటి పెద్దావిడకు 1.0 రావడం కిడ్నీ గురించి అడగాల్సిన మార్పు, రెండోది పరిధిలోనే ఉన్నా సరే. పాత రిపోర్టులు పారేయకుండా డాక్టర్ దగ్గరికి కొత్తదాంతో పాటు పట్టుకెళ్తే, ఆ తేడా చూడటానికి ఆయనకు రెండు నిమిషాలు చాలు.